రాయప్ప కోసుకున్న ఫ్రేము

రాయప్ప మంచం తోస్తుంటే దాని మీద పడుకున్న రోగికి కదులుతున్నట్టే తెలియదని ఆసుపత్రిలో సిస్టర్లు చెప్పుకునేవారు. లిఫ్టు గడప దగ్గర ముందు చక్రాలు రెండూ ఒక్కసారే కొట్టుకోకుండా, మంచాన్ని కాస్త ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నే దాటించేవాడు. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు. గుంటూరు పక్కన ఒక మిషను బడిలో పదో తరగతి దాకా చదివి, బెజవాడ రైల్వే షెడ్డులో పధ్నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. భార్య మరియరాణికి నర్సు ఉద్యోగం రావడంతో 1986లో ఇద్దరూ సిడ్నీ వచ్చారు.

ఆమె చదువు ఇక్కడ చెల్లింది. ఆయన పనితనం చెల్లలేదు. రైల్వేవారు ఇచ్చిన కాగితం చూసి, ఇది ఇక్కడి ట్రేడు సర్టిఫికెట్టు కిందికి రాదని ఆఫీసులో ఒకామె చెప్పింది. అది చెప్పినప్పుడు ఆమె లేచి తలుపు దాకా వచ్చిందనీ, బస్సు ఎక్కడ ఆగుతుందో వేలుపెట్టి చూపించిందనీ రాయప్ప మాకు చెప్పాడు. ఆయన సంగతి అంతే. తనకు జరిగిన నష్టం ఏదైనా చెప్పేటప్పుడు, అందులో ఎవరో చేసిన చిన్న మేలును ముందు చెప్పేవాడు. నష్టం మనమే వెతుక్కోవాలి.

మేము ఆదివారం మధ్యాహ్నాలు బ్లాక్‌టౌన్‌లో అద్దె హాల్లో తెలుగు ప్రార్థనకు కలుసుకునేవాళ్ళం. పదకొండు కుటుంబాలు. లూథరన్లు, బాప్టిస్టులు, మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, అందరం కలిసే. అక్కడే ఒకరోజు రాయప్ప, కాఫీ కప్పు పట్టుకుని, తాను ఒక స్పోర్ట్స్ కారు కడుతున్నానని చెప్పాడు. కొనడం కాదు, కట్టడం. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఆ కారు ఆయనకు షోకు కాదు. ఇంటిదగ్గర కట్టుకున్న కారు రోడ్డెక్కాలంటే, ప్రభుత్వం ఒప్పుకున్న ఇంజినీరు వచ్చి ప్రతి అతుకూ చూసి, నడిపి చూసి, సంతకం పెట్టాలి. ఆ కాగితంలో ‘కట్టినవారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తన పేరు పడాలి. ఈ దేశంలో పని తెలిసినవాడొకడు తన చేతిపని చూసి, సరిగ్గా ఉంది అని రాసి ఇవ్వాలి. రాయప్పకు కావలసింది అదొక్కటే. మరియరాణి ఆ మాట నాతో చెప్పినప్పుడు, ఆయన ఇన్నాళ్ళూ మంచాలు తోస్తూ ఏమీ అనుకోవడం లేదని నేను అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

స్కోఫీల్డ్స్‌లో స్టేషను దాటాక, కోళ్ళు పెంచడం మానేసిన ఒక ముసలామె తన పాత కోళ్ళ షెడ్డు ఆయనకు వాడుకోమని ఇచ్చింది. ఆమె కరెంటు తీగ లాగించి, వెల్డింగు చేసే రోజున తన టీవీ ఆపేసుకునేది, రెంటికీ చాలదని. 1988లో అక్కడ మొదలుపెట్టి, చదరపు ఇనప గొట్టాలు కోసి, అతికి, రెండేళ్ళలో ఫ్రేము నిలబెట్టాడు. బాడీ తుప్పు పట్టిపోయిన పాత హోల్డెన్ కారులోంచి ఇంజను వచ్చింది. ఇక వెనక యాక్సిల్ మిగిలింది.

మామూలు యాక్సిల్ అయితే ఒకే దిమ్మ. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది కూడా వంగుతుంది. ఇండిపెండెంట్ యాక్సిల్‌లో దేని కాలు దానిదే. ఒకటి గుంటలో పడినా రెండోది తన దారిన తాను నిటారుగా నడుస్తుంది. ఇంట్లో కట్టుకునే కార్లకు పాత జాగ్వార్‌లోంచి తీసిన అలాంటి యాక్సిల్‌ను మొత్తం పెట్టెతో సహా తెచ్చి బిగించుకోవడం ఇక్కడ వాడుక. రాయప్పకు అదే కావాలి. అది ఇప్పిస్తానని మాట ఇచ్చింది జయకర్.

జయకర్ గురించి సరిగ్గా చెప్పాలి. ఆయన మాకందరికీ పెద్ద. తెనాలి వైపు మనిషి, మాకంటే పన్నెండేళ్ళు ముందు వచ్చాడు. పాత కార్లు విడగొట్టి భాగాలు అమ్మే ఒక రెక్కర్ యార్డులో ఫోర్‌మన్. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకునేవాడు. 1986లో రాయప్ప, మరియరాణి విమానం దిగినప్పుడు, ముఖం ఎరగని వాళ్ళ కోసం రెండు కంబళ్ళూ, స్టీలు క్యారేజీలో వేడి అన్నం, పప్పుచారూ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడు ఆయనే. రెండు నెలలు తన ఇంట్లో వెనక గది ఇచ్చాడు. ఆ మేలు అబద్ధం కాదు. అది అబద్ధమై ఉంటే ఇదంతా రాయడం నాకు తేలికగా ఉండేది.

1989 ఏడాదంతా రాయప్ప శనివారాలు యార్డుకు వెళ్ళి అక్కడి పాత క్రేను, హాయిస్టు బాగుచేసి పెట్టేవాడు. దానికి బదులని ఎవరూ అనలేదు. సాయమనే అన్నారు. మంచి యాక్సిల్ వస్తే పక్కన పెడతానని జయకర్ అన్నాడు.

అది 1990 ఫిబ్రవరిలో వచ్చింది. యూట్ బండి వెనక తొట్టిలో గోనెపట్టా కప్పి తెచ్చాడు. పట్టా తీస్తే యాక్సిలంతా నల్లరంగు వేసి, కొత్తదానిలా మెరుస్తోంది. రాయప్ప దాని మీద చెయ్యి వేశాడు. నేనూ మా ఇంటాయనా ఆ రోజు అక్కడే ఉన్నాం. అందరం చుట్టూ నిలబడ్డాం. జయకర్ ఆ ఇనుము మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు.

“ప్రభువా, నీ పేరున ఇది నా తమ్ముడికి ఇస్తున్నాను. అతని చేతులు దీవించు.”

అందరం ఆమెన్ అన్నాం.

ఇక్కడే రాయప్ప పొరపాటు చేశాడు. మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. మా వైపు తొలి పంట గుడికి ఇచ్చేటప్పుడు బస్తా కొలవరు, మూతి విప్పి చూడరు. ఇచ్చినవాడు దేవుని పేరు చెప్పాడు, తీసుకున్నవాడు తల వంచాడు, అంతటితో సరి. దేవుని పేరుతో చేతిలో పెట్టినదాన్ని కొలిచామంటే ఇచ్చినవాడిని దొంగ అన్నట్టే. రైల్వే షెడ్డులో కొత్తగా వచ్చిన నట్టును కూడా కొలవకుండా బిగించని మనిషి, ఆ యాక్సిల్‌కు దారం కట్టి చూడలేదు. గుడ్డతో తుడిచాడు. పట్టా కప్పాడు.

ఏప్రిల్‌లో దాన్ని జాకీల మీద ఎత్తి ఫ్రేములో కూర్చోబెట్టాడు. నాలుగు మూలల బోల్టులూ చక్కగా దిగాయి. కాని దారానికి గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టి చూస్తే, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఉన్న దూరం కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. ఎడమ చక్రం పధ్నాలుగు మిల్లీమీటర్లు ముందుకు ఉంది. విప్పి మళ్ళీ బిగించాడు. మళ్ళీ పధ్నాలుగే. ఫ్రేమును మూల నుంచి మూలకు కొలిచాడు. సరిగ్గా ఉంది. ఇంకో టేపు అరువు తెచ్చి కొలిచాడు. సరిగ్గానే ఉంది. అయినా ఆయన అనుమానం యాక్సిల్ మీదికి పోలేదు. తన మీదికే పోయింది.

మూడు వారాలు అలా గడిచాక జయకర్‌ను పిలిచాడు. శనివారం మరియరాణీ నేనూ టీ, గారెలు పట్టుకుని షెడ్డుకు వెళ్ళేటప్పటికి వాళ్ళిద్దరూ ఫ్రేము దగ్గర కూర్చుని ఉన్నారు.

“ఎక్కడో నీ ఫ్రేములోనే పోయింది తమ్ముడూ,” అంటున్నాడు జయకర్.

“రెండేళ్ళు కొలుచుకుంటానే కట్టా గదన్నా.”

“రైల్వే పెట్టెలు వేరు, ఇది వేరు. ఇది స్పోర్ట్స్ కార్. నువ్వే చెప్పు, ఫ్యాక్టరీలో చేసింది తప్పవుద్దా, కోళ్ళ షెడ్డులో చేసింది తప్పవుద్దా?”

రాయప్ప నిజమే గదా అన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం నేను మరచిపోలేను. అప్పుడు నాకు అందులో వినయమే కనపడింది.

ఎడమ పక్క యాక్సిల్ పట్టుకునే రెండు గొట్టాలు కోసి, ఆ పట్లు పధ్నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరపాలని తేలింది. సుద్దతో గీత పెట్టారు. టేపు ఒక కొన రాయప్ప పట్టుకున్నాడు, రెండో కొన జయకర్ పట్టుకున్నాడు. ఎక్కడ కొయ్యాలో జయకరే రెండుసార్లు చదివి చెప్పాడు. రాయప్ప కటింగు మెషీను ఆన్ చేసి, ఎందుకో మళ్ళీ ఆపి, అన్నా ఇంకోసారి చూద్దామా అన్నాడు.

“కోసెయ్ తమ్ముడూ. ఏం కాదు.”

కోశాడు. రెండేళ్ళు కట్టినదాంట్లోంచి నిప్పురవ్వలు లేచి మా కాళ్ళ దాకా వచ్చాయి. జయకర్ నన్నూ మరియరాణినీ వెనక్కి జరగమని తన చెయ్యి అడ్డం పెట్టాడు. మా చీరలకు అంటుకుంటుందని.

సాయంత్రానికి దూరాలు రెండూ సమానమయ్యాయి. కాని ఇప్పుడు చక్రాలు చూసే దిక్కు కాస్త పక్కకు పోయినట్టు రాయప్పకు అనిపించింది. పట్లలో వేసినవి కొత్త రబ్బర్లు గదా, బరువు పడితే అవే సర్దుకుంటాయని జయకర్ చెప్పి, మిగిలిన గారెలు పిల్లలకని కట్టించుకుని వెళ్ళాడు.

ఆగస్టులో ఇంజను పలికింది. సీట్లు లేవు, అద్దం లేదు, పెట్టె వేసుకుని కూర్చుని రాయప్ప ఆ ముసలామె గడ్డిమైదానంలో చివరి దాకా వెళ్ళి వచ్చాడు. ముందురోజు వాన పడింది. ముసలామె వరండాలోంచి చెయ్యి ఊపింది. జయకర్ చప్పట్లు కొట్టాడు. మరియరాణి మాత్రం కారును చూడకుండా నేలను చూస్తూ నిలబడిపోయింది.

“ఏవండీ, నాలుగు గీతలు పడ్డయ్,” అంది.

ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాల జాడ పడాలి. అప్పుడు బురదలో రెండు గీతలే ఉంటాయి. అక్కడ నాలుగున్నాయి. కారు ముక్కు ఒకవైపు, నడక ఒకవైపు, ఎండ్రకాయలాగా.

“ఏం మరియా, నువ్వు కూడా ఇంజినీరువయ్యావా?” అని జయకర్ నవ్వాడు. “బురద గదమ్మా. జారుంటది.”

“జారితే ఒకచోట జారుద్ది అన్నయ్యా. ఇది మొదట్నుంచీ అట్టానే ఉంది. మా నాన్న బండికి ఇరుసు వంగినప్పుడు ఇట్టానే పడేయి.”

జయకర్ ముఖం ఆ మాటకు మారిందని మరియరాణి తరవాత అన్నది. నేను చూడలేదు. నేను చూసింది రాయప్పను. ఆయన ఆ గీతల పక్కన చతికిలబడి, రెండింటి మధ్య వేళ్ళు పెట్టి కొలుస్తున్నాడు.

భార్య ఇరుసు పేరెత్తినా ఆయన మనసు యాక్సిల్ మీదికి పోలేదు. తన కోత సరిగ్గా రాలేదనుకున్నాడు. తన కంటికి చూపు తగ్గిందేమోనని డాక్టరు దగ్గరకు వెళ్ళి చూపించుకున్నాడు. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. ఆ వారంలోనే ఒకరోజు లిఫ్టు గడపకు మంచం కొట్టుకుని, ఆపరేషనయిన రోగి ఒకాయన మూలిగాడు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. సిస్టరు కోప్పడకుండా రాయప్పను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఇంట్లో అంతా బాగేనా అని అడిగిందట. రాయప్ప బాగేనని చెప్పాడు. పధ్నాలుగేళ్ళ నా పని అంతా ఇట్టాగే చేశానేమో, ఎవరూ నాకు చెప్పలేదేమో, అని ఆ రోజు ఇంటికొచ్చి భార్యతో అన్నాడు.

ఇక తనవల్ల కాదని, సంతకం పెట్టే ఇంజినీరునే రమ్మన్నాడు. కెల్విన్ అని, అరవై దాటిన మనిషి. సెప్టెంబరులో ఒక ఉదయం వచ్చి, అట్టముక్క పరుచుకుని కారు కింద పడుకున్నాడు. దారాలు కట్టాడు, గుండ్లు వేలాడదీశాడు. గంటన్నర తరవాత బయటికి వచ్చి, ఎడమ పక్క అతుకు మీద వేలు పెట్టి అడిగాడు.

“కొయ్యకముందు ఇది సరిగ్గా ఉంది, మేట్. ఎందుకు కోశావు?”

రాయప్పకు ఆ ఇంగ్లీషు అర్థమైంది. కాని నమ్మలేక మళ్ళీ చెప్పమన్నాడు. కెల్విన్ మళ్ళీ చెప్పాడు. కుడి పక్క కొలతలు, కోసిన చోట మిగిలిన మొదళ్ళు చూస్తే తెలిసిపోతుందట, ఫ్రేము ముందు ఎలా ఉండేదో. మిల్లీమీటరు తేడా లేదట. ఆ తరవాత ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి, యాక్సిల్ ఎడమ కాలి అడుగున నల్లరంగు మీద గీకాడు. రంగు లేచింది. దాని కింద ఇనుము రాలేదు. సొట్టలు పూడ్చే గులాబీరంగు పుట్టీ వచ్చింది. చాకు మొన పెట్టి ఎగదోస్తే పెచ్చు ఊడింది. దాని కింద ఇనుము మడత పడి ఉంది. ఏదో కారు వెనక నుంచి బలంగా గుద్దినప్పుడు పడిన మడత.

వంగిన భాగం ఎవరికైనా చూడకుండా చేతికి రావచ్చు, కాని పుట్టీ తనంతట తాను అంటుకోదు, అని కెల్విన్ చెప్పాడు. ఈ కారుకు సంతకం పెట్టలేనని కూడా చెప్పాడు. ఆ తరవాత వెళ్ళిపోవచ్చు. వెళ్ళకుండా, పెట్టె మీద కూర్చుని, ఫ్రేమును మళ్ళీ ఎలా అతకాలో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. ఇలాంటి వెల్డింగు చూసి చాలారోజులైంది, అన్నాడట. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. అది విని రాయప్ప, పుట్టీ పెచ్చు చేతిలో పట్టుకుని, ఏడ్చాడు. కెల్విన్ ఏం చెయ్యాలో తెలియక, తన టోపీ తీసి చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

అప్పటికీ రాయప్ప జయకర్‌ను అనుమానించలేదు. యార్డులో ఎవరో ఆయనను కూడా మోసం చేసి ఉంటారన్నాడు. నిజం చెప్పింది రామ్‌లాల్.

రామ్‌లాల్ అదే యార్డులో కార్లు విప్పే పనిలో ఉండేవాడు. ఫిజీలో చక్కెర మిల్లు మెకానిక్కు. అక్కడ 1987లో గొడవలయ్యాక భార్య రుక్మణితో ఇక్కడికి వచ్చాడు. వాళ్ళ తాత ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లోకి పోయినవాళ్ళు. నాయనమ్మ దగ్గర విన్న తెలుగు, ఫిజీ హిందీ కలిపి మాట్లాడేవాడు. రాయప్ప శనివారాలు యార్డుకు వెళ్ళినప్పుడు తన రొట్టెలో సగం విరిచి పెట్టేవాడు. కారు ఆగిపోయిందని విని, ఆదివారం ఉదయం భార్యను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోనన్నాడు.

“పుట్టీ నేనే పెట్టినా భయ్యా,” అన్నాడు. “బాస్ పెట్టమన్నాడు. షోకి పెట్టేది, రోడ్డు మీద పోదు అన్నాడు. నీకని నాకు తెలవదు.”

ఆ వేసవిలో, అంటే ఇక్కడి డిసెంబరులో, రెండు యాక్సిళ్ళు వచ్చాయట. ఒకటి బాగుంది. దాని మీద జయకర్ తానే సుద్దతో రాయప్ప పేరు రాసి పక్కన పెట్టాడట. జనవరిలో రేసు కార్లు నడిపే దొర ఒకాయన, జయకర్ ఎప్పటినుంచో స్నేహం చెయ్యాలనుకుంటున్నవాడు, వచ్చి అదే కావాలన్నాడు. జయకర్ తడిగుడ్డతో పేరు తుడిచి ఇచ్చేశాడు. రెండోదానికి పుట్టీ, రంగు.

రాయప్ప రామ్‌లాల్‌ను బలవంతాన కూర్చోబెట్టి, ముందు నువ్వు టీ తాగు అన్నాడు. రుక్మణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈ మాట బయటపడితే ఆయన పని పోతుంది అక్కా, అని మరియరాణితో మాత్రం అంది.

మరునాడు డ్యూటీ దిగి రాయప్ప యార్డుకు వెళ్ళాడు. అక్కడ జరిగింది ఆయన మరియరాణితో ఒక్కసారే చెప్పాడు, ఆమె నాకు చెప్పింది. రామ్‌లాల్ పేరు ఎత్తలేదు. పుట్టీ పెచ్చు బల్ల మీద పెట్టాడు. జయకర్ దాన్ని చూసి, తలుపు దగ్గరికి వేశాడు.

“యాక్సిల్ సంగతి అడగటానికి రాలేదన్నా,” అన్నాడు రాయప్ప. “మంచిది ఇంకొకళ్ళకి ఇవ్వాల్సొచ్చింది, ఇచ్చావు. నేను ఫ్రేము కోస్తంటే టేపు పట్టుకున్నావే, అది ఎందుకు పట్టుకున్నావు?”

“అప్పుడు చెప్తే నన్ను ఏమనుకునేవాడివి?” అన్నాడు జయకర్. “ఎట్టాగోట్టా సర్దుకుంటావనుకున్నా. నీ పనితనం నాకు తెలవదా తమ్ముడూ.”

“నా పనితనం తప్పని చెప్పింది నువ్వే గదా.”

దానికి జయకర్‌కు కోపం వచ్చింది. ఎయిర్‌పోర్టు దగ్గర నిలబడి తెచ్చుకున్నాను మిమ్మల్ని, నా ఇంట్లో పెట్టుకున్నాను, ఒక ఇనపముక్క కోసం అది మర్చిపోయావా అన్నాడు.

“మర్చిపోలా,” అన్నాడు రాయప్ప. “అందుకే కొలవలా.”

అంతే, వచ్చేశాడు. ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. జయకర్‌కు పెళ్ళీడు పిల్లలున్నారు, రామ్‌లాల్ పని ఉంది, పదకొండు కుటుంబాల ప్రార్థన రెండు ముక్కలవుతుంది. మరియరాణి ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే మాట ఇచ్చింది. నా ఒక్కదానికి చెప్పి, నా దగ్గర మాట తీసుకుంది.

రాయప్ప ప్రార్థనకు రావడం మానలేదు. జయకర్‌ను అన్నా అనడం మాత్రం మానేశాడు. జయకర్‌గారూ అనేవాడు. మర్యాద ఇంకాస్త పెరిగిందనుకున్నారు అందరూ.

తరవాత ఏడాది పని మళ్ళీ మొదటినుంచి. కోసిన గొట్టాలు తీసేసి కొత్తవి అతికాడు. వేరే ఊరి యార్డు నుంచి ఇంకో యాక్సిల్ రామ్‌లాల్ వెతికి తెచ్చి, దించగానే, కొలుచుకో భయ్యా అని తనే పక్కకు జరిగి నిలబడ్డాడు. రాయప్ప దారం కట్టాడు. ప్రతి కొలతకూ రామ్‌లాల్ వైపు తిరిగి క్షమించు అనేవాడు. నాలుగోసారి అన్నాక రామ్‌లాల్ షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాడు, కొలిచేవాడికి కష్టంగా ఉండకూడదని. ముందు రాయప్పకు ఇచ్చినది చూడకుండా తీసుకోవడం కష్టంగా ఉండేది కాదు. ఎవరైనా గారెలు పెట్టినా ఇప్పుడు ఒక్క క్షణం చూసి తీసుకునేవాడు. అది ఆయనకూ తెలుసు. అలా చూసినప్పుడల్లా ఆయన ముఖం ఎర్రబడేది.

1991 నవంబరులో కెల్విన్ కారు నడిపి చూసి, సంతకం పెట్టాడు. కట్టినవారు అన్న గడిలో పెద్దక్షరాలతో రాయప్ప పూర్తి పేరు రాశాడు, ఒక్కొక్క అక్షరం అడిగి మరీ. ఆ ఆదివారం రాయప్ప ఆ కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మరియరాణిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారులోనే ప్రార్థనకు వచ్చాడు. ఆ కాగితాన్ని దేవుని బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించుకోవాలని ఆయన కోరిక. మరియరాణి నాకు ముందే చెప్పింది.

మేమంతా బయటికి వెళ్ళి కారు చుట్టూ తిరిగి చూసి లోపలికి వచ్చాం. సాక్ష్యాల సమయం వచ్చింది. రాయప్ప లేవబోతుండగా జయకర్ ముందే లేచాడు. కన్నీళ్ళతో మాట్లాడాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒక కోళ్ళ షెడ్డులో, ప్రార్థనతో, ఒకరు టేపు ఈ కొన, ఒకరు ఆ కొన పట్టుకుని కట్టిన కారు అది అన్నాడు. మధ్యలో ఎన్నో ఆటంకాలు వచ్చాయన్నాడు. మనం కట్టిన కారు, ప్రభువుకు మహిమ, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కూడా కొట్టాను. చేతులు వాటంతట అవే లేచాయని చెప్పుకోవచ్చు. కాని మరియరాణి నా పక్కనే కూర్చుని ఉంది. నా చేతుల వైపు చూసింది.

రాయప్ప చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అక్కడే కాసేపు ఉంది. ఆ తరవాత కిందికి దిగి మోకాలి మీద పడింది. ప్రార్థన నడిపిస్తున్న పెద్దాయన ఇటు తిరిగి, రాయప్పా నువ్వేమైనా చెప్తావా అని అడిగారు. ఏమీ లేదండీ, అంతా జయకర్‌గారు చెప్పారు, అన్నాడు.

పై వారం నుంచి వాళ్ళు రాలేదు. క్వేకర్స్ హిల్‌లో తెల్లవాళ్ళ చర్చిలో పూజకు వెళ్తున్నారని తెలిసింది. నేను ఫోను చేస్తే మరియరాణి ఆరోగ్యం అడిగి, పిల్లల్ని అడిగి, పెట్టేసేది. కారు వచ్చాక రాయప్పకు మనం కనపడటం లేదని మాలో ఒకరిద్దరు అన్నారు. పాపం అలా అనకండి, అతనికి డ్యూటీలు ఎక్కువ, అని జయకర్ వాళ్ళను మందలించాడు. ఆ మాట కూడా ఎంతో ప్రేమగా అన్నాడు.